సలూగీలతో సుబియా తీరానికి

ఈ ఇంట్లో డ్రైవరుగా చేరడానికి వచ్చిన రోజు బాబా నన్ను లైసెన్సు అడగలేదు. అంతకుముందు ఎక్కడ పనిచేశావనీ అడగలేదు. హాల్లో తన కాళ్ళ దగ్గర పడుకున్న రెండు జంతువుల వైపు చెయ్యి చూపించి, "వీటికి భయపడతావా?" అన్నారు.

"భయమే బాబా. శానా భయం," అన్నాను, నాకు వచ్చిన కాస్త అరబ్బీలో.

"మంచిది. భయపడేవాడు వీటిని కొట్టడు," అని నవ్వారు. అంతే, నన్ను పనిలోకి తీసుకున్నారు.

ఇక్కడ కువైట్ ఇళ్ళలో పనిచేసే మేము యజమానిని బాబా అని, ఆయన భార్యను మామా అని పిలుస్తాం. మా బాబాది జహ్రా ఊరు. వయసు డెబ్భై దాటింది. షుగర్ కళ్ళకెక్కి చూపు దాదాపు పోయింది. వెలుతురు, నీడ తెలుస్తాయి, మనిషి ఎదురుగా నిలబడితే ఆకారం తెలుస్తుంది, ముఖం తెలియదు. ఒకప్పుడు తన జీపు తానే తోలుకుని ఎడారంతా తిరిగిన మనిషి. డ్రైవరును పెట్టుకోవడం ఆయనకు ఇష్టం లేదట. కొడుకులు పట్టుబట్టి పెట్టించారు.

నాకు కుక్కలంటే భయం ఊరికే రాలేదు. చిన్నప్పుడు రాయచోటిలో మా వీధిలోనే ఒక పిచ్చికుక్క పిక్క పట్టుకుంది. ఆసుపత్రిలో బొడ్డు చుట్టూ సూదులు పొడిచారు. ఇద్దరు మనుషులు నన్ను బల్లమీద అదిమిపెట్టి ఉంటే మా అమ్మ బయట నిలబడి నాకంటే గట్టిగా ఏడ్చింది. ఆ తర్వాత కుక్క కనిపిస్తే సందు మార్చి పోయేవాణ్ణి. పైగా మా ఇంట్లో కుక్కను గడప తొక్కనియ్యరు. దాని ఎంగిలి తగిలితే కడుక్కుని, బట్టలు మార్చుకునే దాకా నమాజుకు నిలబడం. అలాంటివాణ్ణి, మంగఫ్‌లో కంపెనీ బస్సు తోలి, సెలవు మీద ఇంటికి పోయి, ఈసారి ఇంటి డ్రైవరు వీసా మీద తిరిగొచ్చి, చివరికి కుక్కలకు డ్రైవరునయ్యాను.

బాబా ముందు కుక్క అనే మాట అనకూడదు. ఆయన మొదటి వారంలోనే నాకు పాఠం చెప్పారు. "వీటిని కల్బ్ అనకు. కల్బ్ అంటే వీధిలో తిరిగేది. ఇవి సలూగీలు. మా తాత గుడారంలో పిల్లలతో పాటు ఒకే దుప్పటి కింద పడుకున్న జాతి."

నిజానికి అవి చూడటానికి మన ఊరి కుక్కల్లా ఉండవు. పిడికిట్లో పట్టేలాంటి నడుము, పొడుగాటి కాళ్ళు, పట్టు కుచ్చుల్లా వేలాడే చెవులు. ఒకటి ఇసుక రంగుది, ముసలిది. రెండోది దాని కూతురు, వీపు నల్లగా నిగనిగలాడుతుంది. రెండూ మొరగవు. మనిషిని చూసి కాసేపు ఆలోచించి, తల పక్కకు తిప్పుకుంటాయి. నేను వాటికి భయపడిన మాట నిజమే గానీ, వాటికి నేనంటే లెక్కే లేదు.

నమాజు సంగతి నేను ఎత్తకముందే బాబా ఎత్తారు. ఒక ఖాకీ చొక్కా, ప్యాంటు తెప్పించి నా గది తలుపుకు తగిలించారు. "వీటితో ఉన్నప్పుడు ఇవి వేసుకో. తర్వాత విప్పేసి, కడుక్కుని, నీ బట్టలు వేసుకో. నీ నమాజు నీది, నా సలూగీలు నావి. రెండింటికీ తగువు వద్దు," అన్నారు. ఇంట్లో పనివాడి నమాజు గురించి అంత ఆలోచించిన యజమానిని అంతకుముందు నేను చూడలేదు.

చలికాలం మొదలవుతుండగా బాబాలో ఏదో కదలిక మొదలైంది. పొద్దున్నే వాకిట్లో కుర్చీ వేయించుకుని గాలి ఎటునుంచి వస్తోందో నన్ను అడిగేవారు. ఉత్తరం నుంచి అంటే సంతోషించేవారు. ఒక శుక్రవారం ముందు రోజు, "జీపు చూడు. రేపు సుబియా పోదాం. సముద్రం దగ్గరికి. పిల్లలతో," అన్నారు. పిల్లలంటే సలూగీలు.

మామా ఒప్పుకోలేదు. "కళ్ళు లేవు, కాళ్ళు లేవు. ఎడారిలో ఏం చూస్తారు?" అన్నారు.

"ముక్కుంది కదా," అన్నారు బాబా.

సుబియాకు తారురోడ్డు ఉంది. కువైట్ సిటీ నుంచి సముద్రం మీదుగా కొత్త వంతెన కూడా ఉంది. పోతే ఎంతోసేపు పట్టదు. బాబాకు ఆ వంతెన పేరెత్తితేనే కోపం. చిన్నప్పుడు ఆయన తండ్రి, ఆ తండ్రి సలూగీలు పోయిన పాత మట్టిదారిలోనే పోవాలి. జహ్రా దాటి, ముత్లా కొండ ఎక్కి దిగి, తారు వదిలి, కంకరలో, ఇసుకలో, ఉప్పుమట్టిలో ఎగిరెగిరి పడుతూ పోయే దారి అది. జీపు వెనక సీటు ఎప్పుడో తీయించేశారు. దాని స్థానంలో అమ్ఘరా పాత సామాన్ల బజారులో కొన్న చెక్క పలక, దానిమీద పాత తివాచీ. సలూగీలకు అదే పరుపు.

ఆ మొదటి ప్రయాణంలో నేను అల్లా పేరు ఎన్నిసార్లు తలుచుకున్నానో. దారి కోసం కాదు, వెనక ఉన్నవాటి కోసం. జీపు కంకర మీద గడగడలాడడం మొదలుపెట్టగానే ముసలిది లేచి నిలబడి, నా భుజం మీదుగా తల ముందుకు పెట్టి, అద్దంలోంచి దారి చూడసాగింది. దాని ఊపిరి నా చెవిని తాకుతోంది.

"బాబా, దాన్ని వెనక్కి పిలవండి."

"దానికి దారి చూడాలని ఉంటుంది. నేను తోలినప్పుడూ అట్లనే నిలబడేది. నీ తోలుడు నచ్చకపోతే అది పడుకునేది," అన్నారు.

అలా మూడు నాలుగు శుక్రవారాలు పోయాక ఒక రోజు దాని తల నా భుజం మీద లేదని నాకే ఏదో వెలితిగా అనిపించింది. అద్దంలో చూశాను. పడుకుని ఉంది. గుంతలో దింపానని అలిగిందేమోనని వేగం తగ్గించాను. లేచొచ్చి నిలబడింది. ఆ రోజు నాలో నేను నవ్వుకున్నాను.

ఇప్పుడు చెప్పబోయేది ఆ చలికాలంలోనే జరిగింది.

ముందు రోజు వాన పడింది. ఇక్కడ వాన పడితే పండగే. బాబా వాకిట్లో నిలబడి చేతులు తడుపుకున్నారు. మర్నాడు పొద్దున తడిసిన ఎడారి వాసన చూడాల్సిందేనన్నారు. మామా ఫ్లాస్కులో పాలు కలిపిన చాయ్, రొట్టెలు, బాబాకు మాత్రలు సర్ది ఇచ్చి, నాతో మెల్లిగా, "ఆయన్ని జాగ్రత్తగా తీసుకురా నాయనా," అన్నట్టు ఏదో అన్నారు. మాటలు పూర్తిగా అర్థం కాలేదు, ముఖం అర్థమైంది.

ముత్లా దాటేదాకా బాగానే ఉంది. కొండ దిగి మట్టిదారి పట్టాక పొగమంచు కమ్మింది. ముందు పలచగా వచ్చింది, తర్వాత తెల్లటి దుప్పటి కప్పినట్టు చిక్కబడింది. బానెట్టు చివర కనిపించలేదు. ఆగుదామా అంటే, "షువై షువై పో," అన్నారు బాబా. మెల్లమెల్లగా అని. ఆయనకు మంచయినా ఎండయినా ఒకటే. నేను పాత టైర్ల గాడి వెతుక్కుంటూ నడకకంటే నిదానంగా పోనిచ్చాను. ఆ గాడి రెండుగా చీలిన చోట కుడివైపుది పట్టాను. కొంచెం దూరం పోయాక ముందు చక్రాలు మెత్తగా ఏదో వెన్నలోకి దిగినట్టు దిగాయి. వెనక్కి తోలబోతే వెనకవి కూడా దిగాయి.

తలుపు తీసి కాలు పెడితే మడమ దాకా కూరుకుపోయింది. సముద్రం దగ్గరి ఉప్పునేల అది. ఎండినప్పుడు రోడ్డులా గట్టిగా ఉంటుంది. తడిస్తే జిగురు. పార తీసి తవ్వాను. చక్రాల కింద తివాచీ వేశాను. తివాచీ కూడా లోపలికి పోయింది. ఫోనులో సిగ్నల్ గీత ఒక్కటీ లేదు.

బాబా తన సీట్లో కదలకుండా కూర్చుని అన్నీ విన్నారు. చివరికి, "ఖలాస్. ఊరికే తవ్వితే ఇంకా దిగుతుంది. వచ్చేటప్పుడు ఎక్కడన్నా ఒంటెల వాసన వచ్చిందా నీకు?" అన్నారు.

"లేదు బాబా."

"నాకు వచ్చింది. చీలిక దగ్గర, ఎడమవైపు. ఒంటెలున్న చోట మనిషి ఉంటాడు. పోయి పిలుచుకురా."

ఆయన్ని ఒక్కణ్ణే వదిలి ఎలా పోవాలి? పోకపోతే మాత్రం? మధ్యాహ్నం దాకా మంచు విడవకపోతే ఆయన తిండి, మాత్రలు, చలి. అదే చెప్పాను. "నా దగ్గర చిన్నది ఉంటుంది. నువ్వు పెద్దదాన్ని తీసుకుపో," అన్నారు.

"ఇవి కళ్ళతో వేటాడతాయని మీరే చెప్పారు కదా. మంచులో దానికి మాత్రం ఏం కనిపిస్తుంది?"

"దానికి చెవులున్నాయి. నాకు మాదిరే," అన్నారు. తర్వాత ఒక్క మాట గట్టిగా చెప్పారు. ఉత్తరాన ఎక్కడ తిరిగినా అందరూ చెప్పే మాటే అది. పాత యుద్ధం నాటి మందుపాతరలు వానకు పైకి తేలుతుంటాయి. నడిచిన జాడ లేని చోట అడుగు పెట్టకూడదు. నేను ఆయనకు దుప్పటి కప్పి, చేతిని స్టీరింగు మీది హారన్ దగ్గర పెట్టి, కాసేపటికొకసారి నొక్కుతూ ఉండమన్నాను. చిన్నది తనంతట తానే ముందు సీటు కిందికి దూరి ఆయన పాదాల మీద పడుకుంది.

మా టైర్ల గాడిలోనే వెనక్కి నడిచాం, నేనూ ముసలిదీ. దాని మెడకు కట్టిన తాడు కొస నా మణికట్టుకు చుట్టుకున్నాను. అన్నేళ్ళ నా జీవితంలో ఒక కుక్కతో ఒంటరిగా నడవడం అదే మొదటిసారి. చుట్టూ తెలుపు తప్ప ఏమీ లేదు. వెనకనుంచి హారన్ మూలిగినట్టు వినిపించేది, మెల్లమెల్లగా దూరమైంది. చీలిక దగ్గరికి వచ్చేసరికి అదీ సరిగ్గా వినిపించలేదు. ఒంటెల వాసన నాకు ఇప్పుడూ రాలేదు. ఎటు చూసినా ఒకటే.

ముసలిది ఆగింది. చెవులు కొంచెం పైకి లేచాయి. తర్వాత బాబా చెప్పిన ఎడమవైపుకే, గాడి వదిలి, తాడు బిగుసుకునేలా లాగింది. నేను కదల్లేదు. బాబా మాట గుర్తుంది. అది వెనక్కి తిరిగి నా ముఖంలోకి చూసింది. మళ్ళీ లాగింది. వంగి నేల చూశాను. తడి మట్టిలో పళ్ళెమంత ఒంటె అడుగులు, ఒకటి కాదు, ఒక మంద పోయినంత. కొత్తవి. బిస్మిల్లా అనుకుని ఆ అడుగుల్లోనే అడుగులు వేస్తూ దాని వెనక పోయాను.

అది నాకంటే తేలిక. జిగురు మట్టి మీద కూడా తేలుతున్నట్టు పోతోంది. నా చెప్పులకు ఇటుకరాళ్ళంత మట్టి అంటుకుంది. ఒకచోట కాలు జారి మోకాళ్ళ మీద పడ్డాను. తాడు గుంజుకుని చెయ్యి మండింది. దుఃఖం, కోపం ఒకేసారి వచ్చి, తెలుగులో దానిమీద అరిచాను. "నిలబడే! ఎందుకట్ల పీక్తావు? సచ్చిపోతే ఎవురు దిక్కు?"

మంచులోంచి ఒక గొంతు వచ్చింది.

"ఎవురప్పా అది? తెలుగాయనా?"

ఆ క్షణంలో నా మనసు ఏమనుకుందో దాచకుండా చెబుతున్నాను. చచ్చిపోయానేమో, అక్కడ కూడా మన యాసేనేమో అనుకున్నాను.

"తెలుగే అన్నా! యాడ ఉండావు?" అని అరిచాను.

"ఈడ్నే ఉండా. మాట్లాడతా రా, మాట్లాడతా రా. మాట ఆపొద్దు," అన్నాడు.

నేను నోటికి వచ్చింది మాట్లాడుతూ పోయాను. ముందు ఒంటెల మెడలు కనిపించాయి, మంచులో చెట్ల కొమ్మల్లా. తర్వాత ఒక రేకుల గది, నీళ్ళ ట్యాంకు, వెనక తొట్టి ఉన్న పాత వానెట్ బండి. ఆ బండి పక్కన, తలకు గుడ్డ చుట్టుకుని, చేతిలో కర్రతో ఒక మనిషి. గడ్డం నెరిసింది. నన్ను చూసి కర్ర కింద పడేసి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"యా ఊరు నాయనా మీది?"

"రాయచోటి."

"రాయచోటా! మాది లక్కిరెడ్డిపల్లె తట్టప్పా!" అన్నాడు. ముసలిది మా ఇద్దరి మధ్యకు వచ్చి అతని మోకాలు వాసన చూసింది. అతను దాని తల నిమిరి, "ఈ తల్లి ఎవురు?" అన్నాడు.

సంగతి చెప్పాను. మనిషి ఒక్క నిమిషం ఆలస్యం చేయలేదు. రెండు చెక్క పలకలు, ఒంటెల్ని కట్టే లావు తాడు బండిలో పడేశాడు. ముందు సీట్లో నేను, నా ఒళ్ళో సగం ముసలిది. దాని బురద కాళ్ళు నా ఖాకీ ప్యాంటు మీద ఉన్నాయి. దాని గుండె నా అరచేతి కింద కొట్టుకుంటోంది. ఎప్పుడు దాన్ని పట్టుకున్నానో నాకే తెలియదు.

బండి తోలుతున్నంతసేపూ అతను మాట్లాడుతూనే ఉన్నాడు. ఈ ఒంటెల దగ్గర మూడో ఏడు నడుస్తోందట. వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని, కఫీల్, మంచివాడే, వారానికొకసారి నీళ్ళు, బియ్యం, పప్పు తెచ్చి ఇస్తాడు, తిట్టడు, కొట్టడు. "అంతా బాగనే ఉండాది న్నా. మాట్లాడేదానికే మనిషి లేడు. ఒంటెలతో తెలుగే మాట్లాడతా. అవి ఇనుకుంటాయి, ఏమీ చెప్పవు," అన్నాడు. ఇందాక మంచులో నా అరుపు విన్నప్పుడు ఒంటె ఏదో జవాబు చెప్పిందేమో అనుకున్నాడట. ఆ మాటకు ఇద్దరం పడి పడి నవ్వాం.

చీలిక దగ్గర బండి ఆపి చెవులు రిక్కించాం. హారన్ వినిపించింది. మామూలుగా కాదు. ఇక్కడి పెళ్ళిళ్ళలో చప్పట్లు కొట్టే వరసలో, తక్కుతక్కు తక్కుతక్కు అని తాళంలో. బాబా విసుగు పుట్టి పాటందుకున్నారు. దగ్గరికి పోయేసరికి నోటితో కూడా పాడుతున్నారు. చిన్నది తల ఎత్తి ఆయన గొంతునే చూస్తోంది.

"వచ్చావా? ఎవరిని తెచ్చావు?"

"మా ఊరాయన్ని తెచ్చాను బాబా."

"వల్లా! నీ ఊరు ఇంత దగ్గరుందని నాకు చెప్పనే లేదే!" అన్నారు.

టైర్లలో గాలి తగ్గించి, చక్రాల కింద పలకలు తోసి, తాడు వానెట్‌కు కట్టి లాగాం. మొదటిసారి తాడు జారింది. రెండోసారి చక్రాలు గిర్రున తిరిగి బురదంతా ఎగజిమ్మాయి. దిగి పక్కన నిలబడ్డ బాబా తెల్లటి పొడుగు అంగీ, దిష్‌దాషా మీద మెడ దాకా పడింది. ఆయన పెదవి మీద పడ్డ బురద నాలుకతో రుచి చూసి, "ఉప్పు సరిపోయింది," అన్నారు. మూడోసారికి జీపు పన్ను ఊడొచ్చినట్టు కదిలి బయటికి వచ్చింది.

అప్పటికి మంచు పలచబడి సూర్యుడు వెండి బిళ్ళలా కనిపిస్తున్నాడు. నేను ఇంటికి తిరిగిపోదామన్నాను. బాబా విననే లేదు. ఇంత దూరం వచ్చి సముద్రం చూడకుండానా అన్నారు. చూడకుండానా అనే మాటే అన్నారు. ఒంటెల మనిషి కూడా తన బండిలో మా వెనకే వస్తానన్నాడు. "మాకు దారి చూపిస్తావా?" అంటే, "దారేముంది న్నా, ఎదురుగానే ఉండాది. ఇంగ కొంచేపు నీతో మాట్లాడచ్చని," అన్నాడు.

గట్టిగా ఉన్న ఎత్తు మీదుగా తిరిగి తీరం చేరాం. సుబియా దగ్గర సముద్రం మన బీచీల్లా ఉండదు. అలల మోత ఉండదు. నీళ్ళు వెనక్కి పోయిన బురద మైదానం కనుచూపు మేర మెరుస్తూ ఉంటుంది. దాని అవతల ఎక్కడో నీలం గీత. తాళ్ళు విప్పగానే సలూగీలు ఒక్కసారి నిలబడి గాలి పీల్చాయి. తర్వాత పరుగు. అంతకుముందు కూడా వాటి పరుగు చూశాను గానీ, ఆ పొద్దున చూసినట్టు చూడలేదు. నాలుగు కాళ్ళూ ఒక్కచోటికి వచ్చి, మళ్ళీ విచ్చుకుని, నేలను తాకీ తాకనట్టు. చిన్నది ముందు. ముసలిది వెనకబడినా ఆగలేదు. ఇంతకుముందు నా పక్కన మట్టిలో నడిచిన ప్రాణి అదేనా అనిపించింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు.

"ఏం కనిపిస్తోంది? చెప్పు," అన్నారు బాబా. ఆయన్ని మడత కుర్చీలో కూర్చోబెట్టి చాయ్ గ్లాసు చేతికిచ్చాను.

నాకు వచ్చిన అరబ్బీ అంతా మార్కెట్టుకు, పెట్రోలు బంకుకు సరిపడేది. ఆ అరబ్బీతోనే మొదలుపెట్టాను. నీళ్ళు దూరం. మట్టి మెరుస్తోంది. పెద్ద పిల్ల ఎడమవైపు, చిన్న పిల్ల దాని చుట్టూ తిరుగుతోంది. అటు, నీళ్ళలో, చాలా పక్షులు. పొడుగు కాళ్ళు. తెలుపు. కాదు, తెలుపు కాదు, గులాబీ. రెక్క తెరిస్తే లోపల ఎరుపు.

"ఎరుపంటే ఎలాంటి ఎరుపు? టమాటానా, దానిమ్మా?"

ఇక్కడికి రాకముందు నేను మదనపల్లె టమాటా లోడు లారీ తోలినవాణ్ణి. టమాటా ఎరుపుల్లో తేడాలు నాకు తెలుసు. "కోసి రెండో రోజు ఎండలో పెట్టిన టమాటా బాబా," అన్నాను. ఆయన కళ్ళు మూసుకుని తల ఊపారు. ఆ పక్షికి అరబ్బీలో ఒక పేరు చెప్పారు, నాచేత రెండు సార్లు పలికించారు. నాకు ఇప్పటికీ నోరు తిరగదు.

ఒంటెల మనిషి ఇటుపక్క ఇసుకలో గొంతుకు కూర్చుని ఉన్నాడు. సముద్రం వైపు చూడనే లేదు. రోజూ ఉండేదే కదా అన్నాడు. బాబా చాయ్ తాగుతున్నప్పుడు నా చెయ్యి తట్టి, "ఇంగొక మాట చెప్పన్నా," అన్నాడు.

"ఏం చెప్పాల?"

"ఏదోటి. రాయచోటి బస్టాండు పక్క సందులో కారం దోసె ఇంగా పోస్తాండారా?"

"పోస్తాండారు. ముసలామె పోయింది. కోడలు పోస్తాంది."

"ఎర్రకారమేనా? ఉల్లిగడ్డ నూరినదేనా?"

నేను ఆ దోసె ఎలా పోస్తుందో మొత్తం చెప్పాను. పెనం మీద నీళ్ళు చల్లితే చుయ్యిమనడం, పిండి గుండ్రంగా తిప్పడం, కారం పూసి పైన పప్పుల పొడి చల్లడం, అంచు ఎర్రబడి లేవడం, విస్తరాకు ముక్కలో పెట్టి ఇస్తే వేలు కాలడం. ముగించాక అతను ఊపిరి వదిలి, "కడుపు నిండింది న్నా," అన్నాడు.

మధ్యాహ్నం నమాజు వేళ అయ్యింది. వెనక బట్టల సంచిలో నా తెల్ల చొక్కా ఉంది. బురద బట్టలు విప్పి, డబ్బాలో తెచ్చిన నీళ్ళతో కడుక్కుని, మార్చుకున్నాను. బాబా కుర్చీలోనే కూర్చుని, నేను పక్కనే చాప మీద నిలబడి నమాజు చేసుకున్నాం. సలాం చెప్పి తల తిప్పితే, ముసలిది దూరంగా, నా చాపను తాకకుండా, ముందుకాళ్ళు చాపుకుని పడుకుని మమ్మల్నే చూస్తోంది. ఆ రోజు దువాలో, అల్లాను వేడుకునేటప్పుడు, నేను దాన్ని కూడా కలుపుకున్నాను. ఇది తప్పో ఒప్పో పెద్దవాళ్ళను నేను అడగలేదు.

ఇంటికి చేరేసరికి మామా వాకిట్లోనే నిలబడి ఉన్నారు. బాబా దిష్‌దాషా చూసి నోటిమీద చెయ్యి పెట్టుకున్నారు. బాబా జరిగిందంతా చెప్పారు. చెబుతూ చెబుతూ, మంచులో నేను పోయి రాయచోటి నుంచి మనిషిని తెచ్చానని పెంచి పెంచి చెప్పారు. మామా నా వైపు తిరిగి, నా రెండు చేతులు గాలిలోనే పట్టుకున్నట్టు చేసి దీవించారు. ఆ రోజు నుంచి నా భోజనం వంటింట్లో విడిగా కాకుండా బాబా పళ్ళెంతో పాటే సర్ది పంపడం మొదలుపెట్టారు. ఎవరూ ఏమీ చెప్పలేదు. ఊరికే అలా మారిపోయింది.

ఆ చలికాలమంతా వీలైన ప్రతి శుక్రవారం పోయాం. ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు జీపులో రెండు సంచులు ఉండేవి. ఒకటి మాది, ఒకటి ఆ ఒంటెల మనిషిది. అతని సంచిలో నేను వండిన చింతపండు పులుసు, చెనక్కాయ పొడి, ఫోనులోకి ఎక్కించుకొచ్చిన మా ఇంటివాళ్ళ మాటలు. నా భార్య నాతో మాట్లాడేటప్పుడు చివరలో, "ఆ అన్నకు చెప్పు, వాళ్ళ తట్టు వాన పడిందంట," అని ప్రత్యేకంగా చెప్పేది. అతన్ని ఆమె ఎన్నడూ చూడలేదు.

తర్వాతి ఏడు ఎండలు ముదిరాక ముసలి సలూగీ తిండి మానేసింది. పశువుల డాక్టరు వచ్చి చూసి, వయసైందన్నాడు. బాబా దాన్ని తన గదిలో, ఏసీ గాలి తగిలే చోట పడుకోబెట్టించారు. నేను రోజూ దాని నోట్లో దూదితో నీళ్ళు పిండేవాణ్ణి. ఒక సాయంత్రం అది నా మణికట్టు మీద గడ్డం ఆనించి కళ్ళు మూసింది. కాసేపయ్యాక గాని నాకు తెలియలేదు. బాబా గోడ పట్టుకుంటూ వచ్చి, కింద కూర్చుని, దాని చెవుల కుచ్చులు వేళ్ళతో దువ్వారు. ఏడవలేదు. "ఎన్ని దారులు చూసింది. బాగా బతికింది. అల్‌హమ్దులిల్లా," అన్నారు.

మర్నాడు తెల్లవారుతూనే దాన్ని తివాచీలో చుట్టి ఉత్తరానికి తీసుకుపోయాం. ముందే కబురందుకుని అతను మా కోసం దారి దగ్గరే నిలబడి ఉన్నాడు. వాన నీళ్ళు నిలవని ఒక ఎత్తు చూసి, అర్ఫజ్ పొద పక్కన ఇద్దరం గుంత తవ్వాం. అతను మట్టి పూడ్చేటప్పుడు, "మా ఇద్దర్నీ కలిపింది నువ్వే కదమ్మా," అన్నాడు.

తర్వాత అతని కఫీల్ ఒంటెల్ని అమ్మేశాడు. ఆయనా బాబా సాయంత్రాలు ఒకే దీవానియాలో, మగవాళ్ళు కూడే హాల్లో, కూర్చునే మనుషులు. బాబా ఒక మాట వేస్తే, ఆ కఫీల్ అతన్ని జహ్రాలోనే తన బంధువు మొక్కల నర్సరీలో పనికి పెట్టించాడు. ఇక్కడ ఉండే అనుమతి కాగితం, ఇఖామా, కూడా సక్రమంగా మార్చారు. ఇప్పుడు అతనుండే గదిలో ఇంకో నలుగురు మనవాళ్ళే. సాయంత్రమైతే వాళ్ళ మాటలకు అడ్డూ ఆపూ లేదట. "ఒగోసారి నెమ్మది కావాలనిపిస్తాది న్నా. ఒంటెలే మేలు," అని నాతో చెప్పి నవ్వుతాడు.

బాబాకు ఇప్పుడు వెలుతురు కూడా తెలియడం లేదు. అయినా పాత దారే కావాలంటారు. జీపులో ముందు బాబా, వెనక కొత్త తివాచీ మీద చిన్నదీ అతనూ. చిన్నదంటున్నాను గానీ దాని మూతి కూడా నెరుస్తోంది. గుంతలు వచ్చినప్పుడల్లా అతను తల రేకుకు తగిలించుకుని నా తోలుడును తిడతాడు. బాబా అర్థమేమిటని అడుగుతారు. "దారి బాగుందంటున్నాడు బాబా," అంటాను నేను.